దొర బంగళా కావలి

“నిన్న తెచ్చిన కొత్త చీపురు గప్పుడే బంగళాకు పట్టుకపోయినవా?” గుడిసె ముందు నిలబడి అరిచింది హేమ్లి.

“పాత చీపురుతోని దొర వరండా ఊడుస్తరా?” గోప్యా తగ్గలేదు.

“మరి నా వాకిలి దేంతోని ఊడ్వాలె? నీ మీసాలతోనా?”

ఖమ్మం నుంచి వచ్చిన కూతురు భాను నవ్వబోయి, తల్లి కళ్లు చూసి ఆగిపోయింది. కంట్లో పొరలు ముదిరాయని, ఆపరేషన్ ఇంకా ఆలస్యం చేస్తే చూపు దక్కదని పెద్ద దవాఖానాలో చెప్పారు. గోప్యా బంగళా వదిలి రాడు. అడవిలో అతన్ని ఒక్కణ్ణి వదిలి హేమ్లి రాదు.

“మీరు అడగండి. మీ మాటైతే ఇంటడు,” అంది భాను భర్తతో.

రామ్‌చందర్ ఆ అడవికి రావడం అదే మొదలు. మామ గోప్యా వెంట బంగళాకు నడిచాడు.

“చెప్పులు గీడ విప్పాలె అల్లుడూ. కలెక్టరైనా గంతే.”

రామ్‌చందర్ విప్పాడు.

“సీమల తన ఇల్లెట్లుంటదో తెల్లదొర గట్లనే కట్టించిండట. ముందర గడ్డి, గడ్డిల జింకలు, రెండు దిక్కుల టేకు వరుసలు. మా తాత నాటిండు గవి. నెత్తి పైలం, దర్వాజ పొట్టిది.”

రామ్‌చందర్ తల వంచి నడిచాడు.

“గిది భోజనాల గది. గాడ దుప్పి కొమ్ములు. గీ కిటికీలకెల్లి చూస్తే వాగు కనపడ్తది.”

వాగు నిజంగానే కనిపించింది. ఫొటో తీద్దామని సెల్ బయటికి తీసిన రామ్‌చందర్, మామ ముఖం చూసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

“మామా, అత్త కండ్ల సంగతి...”

“ఎరికే. రోజూ కుములుతనే ఉన్న. కానీ ఏ ఆఫీసరన్న వచ్చి, వాచ్‌మన్ లేకపోతే? మూడు తరాల నౌకరి. మా నాయిన సచ్చిన రోజు గూడ కిటికీలు తెరిచినంకనే ఏడ్సిన.”

రామ్‌చందర్ తిరిగొచ్చి, భాను వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

మధ్యాహ్నం నలుగురూ జొన్నరొట్టెల ముందు కూర్చున్నారు. కూర గిన్నె కోసం హేమ్లి చెయ్యి నేలంతా తడుముతోంది. గోప్యా గిన్నెను ఆమె చేతికి ఆనించి తల దించుకున్నాడు.

“రేపు పొద్దుగాల బస్సుకు అందరం ఖమ్మం పోతున్నం,” అంది భాను. “ఇంక ఎవర్నీ అడిగేది లేదు.”

“బంగళా ఎవరు చూస్తరు బిడ్డా?”

రామ్‌చందర్ రొట్టె తుంచడం ఆపేశాడు. ఇన్నాళ్లూ దిగమింగుకున్న మాట చివరికి హేమ్లే అంది.

“దాన్ని నక్సలైట్లు బాంబు పెట్టి పేల్చి నాలుగేండ్లాయె.”