లైన్‌మన్ పగడం

"ఇంకాస్త గట్టిగా పోనీవయ్యా పిచ్చయ్యా, ఎద్దులబండి కూడా దాటిపోతోంది!"

"ఇంతకన్నా గట్టిగా పోనిస్తే ఆటో చక్రాలు చేతికొస్తాయి పిన్నీ! అసలేంటి కంగారు?"

వినుకొండలో ఆస్పత్రి మెట్లు దిగినప్పటినుంచీ సుబ్బరావమ్మకి కాలూ చెయ్యీ ఆడటం లేదు. అక్క కొడుకు ఉదయ్ కుమార్‌కి పొద్దున కరెంటు స్తంభమ్మీద షాక్ కొట్టింది. ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి మాడింది. తన కొడుకు కోటేష్‌దీ ఆ లైన్‌మన్ పనే. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోతోంది.

"మావాడి పగడం సంగతి చూడాలయ్యా," అంది చివరికి.

"అదా! ఉదయ్ బాబు రాయి పెట్టుకుని ఉండడు, అందుకే కొట్టింది. రాళ్ళ శాస్త్రిగారు చెప్పలా? నేతగాళ్ళకి పచ్చ, సున్నపు బట్టీలోళ్ళకి కెంపు, కరెంటోళ్ళకి పగడం. నాకు చూడు, గోమేధికం. పదేళ్ళయింది, బండికి గీత పడలా."

"రోడ్డు చూసి నడుపు నాయనా."

కిందటేడు ఆవిడే కోటేష్ వేలికి పగడపుటుంగరం తొడిగి, తీస్తే నామీద ఒట్టే అంది. తలూపాడు సరే, పనిలో పెట్టుకుంటున్నాడో, జేబులో వేసుకుంటున్నాడో చూసొచ్చిందెవరు?

మిరపచేల మధ్య స్తంభం దగ్గర ఆటో ఆగీ ఆగకముందే దూకినంత పని చేసింది. కోటేష్ అప్పటికే సగం ఎక్కాడు.

"ఒరేయ్ కోటేషూ! దిగరా!"

"లైన్ ఆపించామమ్మా. అరగంటలో మోటార్లకి కరెంటివ్వాలి."

"దిగుతావా, నన్నెక్కమంటావా?"

కాయలు కోస్తున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. "ఎక్కు పెద్దమ్మా, కింద మేం పట్టుకుంటాం!"

కోటేష్ సిగ్గుపడుతూ దిగొచ్చి చెయ్యి చాపాడు. ఎండకి ఎర్రరాయి మెరిసింది.

"ఇదిగో, ఉంది. కరెంటు పనిలో ఉంగరాలొద్దని ఆఫీసులో సారు తిట్టినా ఒక్కపూటా తియ్యలేదు. చాలా?"

సుబ్బరావమ్మ ఆ వేలు పట్టుకుని ఉంగరం లాగడం మొదలుపెట్టింది.

"అమ్మా! మరి నీ ఒట్టూ?"

"ఒట్టు తీసి గట్టుమీద పెట్టరా!"

పిచ్చయ్య పరుగెత్తుకొచ్చాడు. "ఇదేం పని పిన్నీ! ఉదయ్ బాబు గతి కళ్ళారా చూసి కూడా..."

"చూసే వస్తున్నానయ్యా."

ఉదయ్ కుమార్ మాడిన వేలికీ పగడమే ఉంది.