తమిళ పేపర్లో తెలుగు నవల

నటరాజు మొదటి నవల గురించి తమిళ పేపర్లో వేస్తామంటే వద్దన్నవాడు నటరాజు ఒక్కడే.

తిరుత్తణిలో ఆ నేతవీధికంతా సంబరమే. ముప్పై ఏళ్లు మగ్గం ముందు కూర్చున్న మనిషి పుస్తకం రాశాడు. అదీ తెలుగులో. ఆ వీధిలో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు. తెలుగు చదవగలిగినవాళ్లను మాత్రం వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. అతని భార్య అలమేలుకైతే తెలుగు అక్షరమ్ముక్క రాదు. ఆమె చదివిందంతా తమిళ బళ్లో.

"ఒప్పుకో మామా" అని బతిమాలింది అలమేలు. "జిల్లా అంతా పొయ్యే పేప్పరు. మన నివేద యాడుండాదో, నీ ఫొటో చూస్తే గుర్తుపట్టదా?"

నివేద వాళ్ల ఒక్కగానొక్క కూతురు. పద్దెనిమిదేళ్ల కిందట, ఆడికృత్తిక పండగ నాడు, గుడి కొండమీద కావళ్లు మోసే భక్తుల రద్దీలో తప్పిపోయింది. అప్పటినుంచి ఏటా ఆ రోజున అలమేలు మెట్ల దగ్గర నిలబడి, వచ్చే పోయే ఆడపిల్లల మొహాలు చూస్తుంది. నటరాజు పక్కనే నిలబడతాడు.

కూతురి పేరెత్తితే అతను దేనికీ కాదనలేడు. ఒప్పుకున్నాడు.

తిరువళ్లూరు నుంచి విలేకరి పాల్‌రాజ్ వచ్చాడు. అతనికీ తెలుగు మాట వచ్చు, చదవడం రాదు.

"ఇక్కడుండి తెలుగులో ఎందుకు రాసినారు సార్?"

"మా కాలంలో బళ్లో తెలుగు ఉండింది" అన్నాడు నటరాజు.

"కథేందో రెండు ముక్కలు చెప్పండి."

"కథ వద్దు సార్. మగ్గం గురించి రాసుకోండి, నా గురించి రాసుకోండి. కథ మాత్రం వెయ్యొద్దు."

"సస్పెన్సా? బాగుండాది" అని నవ్వాడు పాల్‌రాజ్.

అలమేలు లోపల్నుంచి కూతురి ఫొటో తెచ్చి అతని చేతిలో పెట్టింది. "ఇదీ వెయ్యి నాయనా. ఐదేండ్లప్పటిది. ఇప్పుడు ఇరవై మూడు. కింద మా ఫోన్ నంబరు కూడా వెయ్యి."

నటరాజు గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. సంతోషం లేదు, బాధా లేదు. కాలు తిమ్మిరెక్కినట్టు, చాలా ఏళ్లుగా మనిషంతా అలాగే ఉన్నాడు.

ఆదివారం పొద్దున అలమేలే వెళ్లి పేపరు కొనుక్కొచ్చింది. సగం పేజీ వేశారు. నటరాజు ఫొటో పెద్దది, నివేద ఫొటో చిన్నది, కింద ఫోన్ నంబరు. పక్కింటి చెంగమ్మ వచ్చి కూర్చుంది.

"నువ్వే చదువు అలమేలూ, నాకు కండ్లు ఆనవు."

"కథ వేసినారా?" అని అడిగాడు నటరాజు.

"వేసినారు మామా. నువ్వు చెప్పకుంటే ఏం, పుస్తకం అచ్చేసినాయన్ను ఫోన్లో అడిగినారంట." అలమేలు ఎన్నాళ్లకో నవ్వింది. "ఇంట్లో ఉండి నాకే తెలీదు నీ కథ. ఇప్పుడు తెలుస్తాది."

పేపరు లాక్కుందామనుకున్నాడు. చెయ్యి లేవలేదు.

అలమేలు అక్షరాల కింద వేలు పెట్టి, చెంగమ్మకు వినపడేలా గట్టిగా చదివింది.

"ఆడికృత్తిక రద్దీలో తప్పిపోయిన కూతురు మూడోనాడే పక్క ఊరి ఆసుపత్రిలో శవంగా కనిపిస్తే, అక్కడే పూడ్చిపెట్టి ఇంటికొచ్చి, పోలీసులు ఇంకా వెతుకుతూనే ఉన్నారని భార్యకు చెప్పిన తండ్రి కథ ఇది."