హాజీగారి ప్రమాణం

"నీ గుర్రాన్ని ఎత్తుకెళ్ళాడని నువ్వంటున్న మెదెర్ తరఫున వాళ్ళింట్లో ఒకరు రొట్టె పట్టుకుని ప్రమాణం చెయ్యాలి. చేస్తే వాడు నిర్దోషి, చెయ్యకపోతే దొంగ, గుర్రాన్ని తిరిగివ్వాలి. ఎవరు చెయ్యాలో నువ్వే ఎంచుకో తల్లీ," అన్నాడు ఊరిపెద్ద.

బుబుయ్‌రా ఎదురుగా మెదెర్ బాబాయి సపార్ హాజీ, తాగుబోతు అన్న జెయెన్ కూర్చున్నారు.

"హాజీగారు!" అందామె వెంటనే. మక్కా చూసొచ్చిన మనిషి, అబద్ధమాడడు. ఇంట్లో పిల్లల పాలకు ఆధారమైన తన ఒక్కగానొక్క ఆడగుర్రం ఇక దొరికినట్టే.

హాజీ రొట్టె అందుకున్నాడు. "అల్లా సాక్షిగా మావాడు గుర్రాన్ని తియ్యలేదు." ఊళ్ళో ఎండ బాగా కాస్తోందన్నంత తేలిగ్గా అనేశాడు.

బుబుయ్‌రా గబుక్కున పక్కకు తిరిగింది. "తమ్ముడూ, నువ్వు చెయ్యి చూద్దాం!" అంది జెయెన్‌తో.

జెయెన్ వెనక్కి జరిగాడు. "నావల్ల కాదక్కా. పైనున్నాయన చూస్తాడు."

"విన్నారా పెద్దయ్యా!"

"విన్నాను. కానీ నువ్వు ఎంచుకున్నది హాజీగారిని," తల దించుకున్నాడు ఊరిపెద్ద.

"దిగులుపడకు అమ్మాయ్. నీ గుర్రం దొరకాలని దువా చేస్తాను," అన్నాడు హాజీ.

అందరూ ప్రార్థనకు చేతులెత్తారు. తనవి ఎప్పుడు లేచాయో బుబుయ్‌రాకే తెలియలేదు.