ఆగిపోయిన కొలతలు

మహిమ మోచేతికి అంటించిన తెల్లటి బిళ్ళను అల్లాబక్షు మాస్టారు అందరి ముందూ పీకేశాడు.

"ఎవరినడిగి అంటించావమ్మా ఇది?"

"జిల్లా క్రీడల కమిటీ పంపిందండి. నా పేరు జ్యోతిర్మయి," అన్నది ఆ కొత్తావిడ. "ఇది సెన్సార్. జావెలిన్ విసిరేటప్పుడు చెయ్యి ఎంత వేగంగా తిరుగుతోందో, కీలు మీద ఎంత భారం పడుతోందో లాప్‌టాప్‌లో చూపిస్తుంది."

"ఇన్నేళ్ళూ నాకు నా కళ్ళే చూపించాయి లెండి."

పిల్లలు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు ఆయనకు నచ్చలేదు.

వినుకొండ మైదానంలో జావెలిన్ అంటే అల్లాబక్షు. జొన్నచేలో వడిసెల తిప్పి పిట్టలను తోలుతున్న మహిమను చూసి, ఆ చేతిలో ఈటె పెట్టినవాడు ఆయన. రాష్ట్ర పోటీలకు ఆ పిల్లను తానే వెంటబెట్టుకుని వెళ్ళాలన్నది ఆయనకు మిగిలిన ఒకే ఒక కోరిక.

అయితే ఆయనను తప్పించి, సైన్సు తెలిసిన కోచ్‌ను వేస్తారని గుంటూరు నుంచి ఒక మాట వచ్చింది.

ఆ మాట వెనుకే జ్యోతిర్మయి వచ్చింది.

రెండింటినీ కలిపి చూడడానికి ఆయనకు ఏ యంత్రమూ అవసరం లేకపోయింది.

మర్నాడు ఆమె లాప్‌టాప్ తెచ్చి ఆయన ముందు పెట్టింది. తెరమీద గీతలతో గీసిన మనిషి బొమ్మ ఒకటి ఈటె విసురుతోంది.

"చూడండి మాస్టారూ, ఎడమకాలు నేలకు తగలగానే ఎంత బిగువుగా నిలిచిందో! పరుగులోని వేగమంతా అక్కడినుంచి భుజానికి అందుతోంది. ఇలా నిలవడం నేను చాలా తక్కువమందిలో చూశాను. మోచెయ్యి ఒక్కటే కిందికి జారుతోంది. వడిసెల అలవాటు. సరిచేయకపోతే కీలు దెబ్బతింటుంది."

ఆయనకు చివరి మాటలే వినిపించాయి.

"అంటే, నేను తప్పు నేర్పానంటావు."

"అయ్యో, అలా అనలేదండి."

ఆమె మహిమ వైపు తిరిగింది. "మోచెయ్యి పైకి, మహిమా. బట్టలారేసే తీగను అందుకున్నట్టు. ఊఁ, విసురు!"

ఈటె వెళ్ళి, ఆ పిల్ల ఎన్నడూ దాటని గీతకు అవతల దిగబడింది.

మహిమ కేక పెట్టి పరుగెత్తింది. ఎప్పుడైనా మంచి విసురు పడితే, "సార్, చూశారా?" అంటూ ఆయన దగ్గరికే పరుగెత్తేది. ఆ రోజు లాప్‌టాప్ దగ్గరికి పరుగెత్తింది.

"అక్కా, చూపించక్కా! ఏదీ, నా చెయ్యేదీ?"

రెండో ఈటె పట్టుకుని అల్లాబక్షు అక్కడే నిలబడిపోయాడు. దానిని ఎవరూ అడగలేదు.

సాయంత్రం ఆయనే ఆమెను పలకరించాడు.

"మేడంగారు ఊళ్ళో ఇల్లు కూడా చూసుకున్నారా?"

"లేదండి. గుంటూరు బ్రాడీపేటలో అక్కావాళ్ళింట్లో ఉండి, రోజూ రైల్లో వస్తున్నాను. శనివారంలోగా కొలతలు పూర్తిచేసి కమిటీకి ఇవ్వాలి." ఆమె కొంచెం తటపటాయించింది. "ఆ కాలు నిలపడం మీరు ఎలా నేర్పారో, ఒక్కసారి కెమెరా ముందు చెబుతారా మాస్టారూ?"

"నా విద్యంతా సంచీలో వేసుకుపోదామనా?"

ఆమె మళ్ళీ అడగలేదు.

మహిమ తల్లి మరియమ్మ ఊరిబయట మిర్చి కల్లంలో తాలుకాయలు ఏరుతోంది. అల్లాబక్షు అక్కడికి వెళ్ళాడు.

"మరియమ్మా, గుంటూరు నుంచి వచ్చినావిడ నీ కూతురి ఒంటిమీద ఏవో అంటించి వీడియోలు తీస్తోంది. అవి ఎవరి ఫోన్లో తేలతాయో నాకు తెలియదు. తర్వాత నన్ననొద్దు."

అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. అందుకే అది అబద్ధం కన్నా హీనమైనది.

మరియమ్మ కారపు చేతులతోనే మైదానానికి వచ్చింది.

"ఏందమ్మా, మా పిల్లేమన్నా సినిమా బొమ్మా? కూలోళ్ళ పిల్లంటే అంత అలుసా నీకు? పీకెయ్ అయ్యన్నీ! ఇంకోసారి కెమెరా కనపడిందంటే నేలకేసి కొడతా!"

"ఒక్కసారి చూడమ్మా. ఇందులో ముఖం కూడా ఉండదు, గీతలే..."

"నాకేం చూపించబాక! సారే చెప్పాడు. ఆయన్నడుగు!"

జ్యోతిర్మయి ఆయన వైపు తిరిగింది. ఆ వీడియోల్లో ఏముందో ఆయన చూసినవాడే. ఒక్క మాట చాలు.

అల్లాబక్షు వంగి, బూటు తాడు ముడి వేసుకున్నాడు.

ఆమె మహిమ భుజం మీదివీ మోకాలి మీదివీ బిళ్ళలు తానే ఒక్కొక్కటిగా తీసింది. మహిమ ఏడుస్తోంది.

"మోచెయ్యి మాత్రం పైనే ఉంచు తల్లీ," అని చెప్పి స్టేషన్ వైపు నడిచింది.

శనివారం గడిచింది. సోమవారం కమిటీ కార్యదర్శి సాయిరాం అల్లాబక్షును గుంటూరుకు పిలిపించాడు.

"కూర్చోండి మాస్టారూ. మంగళగిరి నుంచి కొత్త కోచ్ వస్తున్నాడు. మహిమను పోటీలకు ఆయనే తీసుకెళతాడు."

"వస్తున్నాడా?" అల్లాబక్షు తడబడ్డాడు. "జ్యోతిర్మయి కాదా?"

"ఆవిడా? శనివారం వచ్చి, కొలతలు పూర్తికాలేదని చెప్పి వెళ్ళిపోయింది. ఎందుకు కాలేదమ్మా అంటే, తప్పు నాదేనండి అంది. వాటికోసమే ఇన్నాళ్ళూ ఆగాం. ఇక ఆగే వీల్లేదు."

"ఆ కొలతలకూ నా ఉద్యోగానికీ ఏమిటండీ సంబంధం?"

సాయిరాం ఆయన వైపు వింతగా చూశాడు.

"మీకు చెప్పలేదా? మీ ఉద్యోగం మొదట ఆవిడకే ఇచ్చాం మాస్టారూ. జిల్లా పోటీల్లో తీసిన మహిమ వీడియో చూసి, ఎడమకాలు అలా నిలబెట్టించిన గురువును తీసేయడం అన్యాయం, లెక్కలతో రుజువు చేస్తాను ఆగండి అని చెప్పి, వచ్చిన ఉద్యోగం వదులుకుని మీ దగ్గరికి వచ్చింది."