ఇంటి మనిషే

హారతి పళ్ళెం పట్టుకుని మంగతాయారు లోపల నిలబడింది. ఆసుపత్రి నుంచి పసిగుడ్డుతో వచ్చిన కోడలు హైమ గుమ్మం బయట నిలబడింది. మధ్యలో తలుపు తెరుచుకోవడం లేదు. ఇంట్లో ఫ్యాను కూడా ఆగిపోయింది.

కాకినాడలో ఇప్పుడు అన్ని ఇళ్ళలాగే ఈ ఫ్లాటునీ నడిపేది ఒక కెర్నెల్, అంటే కంప్యూటరు లోపలుండి అన్ని పనులూ చేయించే పెద్ద ప్రోగ్రాం. జనం దాన్ని లోపలాయన అంటారు. ఆయన తనంతట తాను ఎవరినీ చూడలేడు. అవసరం పడితే బయట ఉండే చిన్న ప్రోగ్రాముని పిలుస్తాడు. అది ఎప్పుడూ ఉండే చోటుకే కబురు పెడతాడు. అది వచ్చి జవాబు చెప్పేదాకా మరో పని ముట్టుకోడు.

"నా మనవరాలయ్యా, తలుపు తియ్యవయ్యా!" అని మంగతాయారు అరుస్తూనే ఉంది. లోపలాయన మనుషుల మాట వినడు.

బయట పాప గుక్కపట్టి ఏడుస్తోంది.

"అత్తయ్యా, గోడ తెర మీద బొమ్మలేవన్నా కదిపారేంటండీ?" అని హైమ అడిగింది.

"కదపడవేంటే! పిల్లొస్తుంది కదాని అన్నీ ఓ మూలకి సర్దేనంతే."

"మనుషుల్ని గుర్తుపట్టే ప్రోగ్రాం ఉంటదండీ, కన్ను బొమ్మ. దాన్ని మళ్ళీ పై వరసలో పెట్టెయ్యండి."

మంగతాయారు కన్ను బొమ్మని పాత చోటికి జరిపింది. అది గుమ్మం బయటికి ఓసారి చూసి, "ఇంటి మనిషే" అంది.

తలుపు తెరుచుకుంది. ఫ్యాను తిరిగింది. పాప ఏడుపాపి దాని వంక చూసింది.

మంగతాయారు హారతి తిప్పుతూ కళ్ళు తుడుచుకుంది.

"ఇందాకట్నుంచి నేను మొత్తుకుంటున్నదీ అదే కదే!"