పక్క సీటు

"బాబాయ్ గారూ, మీ కారులో ఎవరో అద్దెకి దిగారు," అంది మెకానిక్, బానెట్ ఎత్తి పట్టుకుని.

ఆయన తొంగి చూశాడు. ఇంజను పక్కన దూది, కాగితం ముక్కలు, గుడ్డపేలికలు పోగేసుకుని ఎలుక దర్జాగా కాపురం పెట్టింది. వైర్లు సగానికి సగం కొరికేసింది.

"బతుకుతుందా అమ్మాయ్?"

"ఎలుకా? కారా?"

ఆయనకి నవ్వు రాలేదు. షెడ్డు తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "రోజూ ఈ వేళకే రా. మీ పిన్ని ఇంట్లో ఉండదు. ఆవిడకి తెలియకూడదు."

"దొంగసొత్తు కాదు కదా బాబాయ్?"

"ఆవిడ కారే. ఆవిడకే తెలియకుండా బాగు చేయిస్తున్నాను."

మెకానిక్ అదోలా చూసి, కొరికిన వైర్లు లాగి పారేసింది.

ఆ ఆకుపచ్చ బుల్లి కారు ఆవిడ ముచ్చటపడి కొనిపించుకున్నది. నడపడం నేర్పుతానని ఆయనే ముందుకొచ్చాడు. నేర్పడమంటే అరవడమేననుకున్నాడు. ఒకరోజు నాలుగు రోడ్ల కూడలిలో బండి ఆగిపోయింది. వెనక హారన్ల మోత. ఆవిడ ఎంత తిప్పినా ఇంజను అందుకోలేదు. ఆయన దిగి, అటువైపు తలుపు తీసి, "దిగు. నీకు గరిటె తిప్పడం వచ్చు కానీ స్టీరింగ్ కాదు," అన్నాడు, అందరూ వింటుండగా.

ఆవిడ దిగింది. కారు చుట్టూ తిరిగొచ్చి పక్క సీట్లో కూర్చుంది. ఇంటికి వచ్చాక తాళం ఆయన బీరువాలోకి పోయింది. ఆయనకి ఆఫీసు జీపు ఉండనే ఉంది. కారు షెడ్డులోనే ఉండిపోయింది. తాళం ఏదని ఆవిడ మళ్ళీ అడగలేదు.

అడిగి ఉంటే బాగుండేది. పోట్లాడి ఉంటే ఇంకా బాగుండేది. అప్పుడాయన కూడా నాలుగు మాటలని, మర్చిపోయేవాడు. రిటైరై ఇంట్లో కూర్చున్నాకే ఆ మౌనం ఎంత బరువైనదో తెలిసింది. మధ్యాహ్నం అన్నాలు కాగానే ఆవిడ గుడ్డసంచి భుజాన వేసుకుని, ఆడవాళ్ళకి కుట్టు నేర్పాలంటూ బయల్దేరేది. ఏళ్ళ తరబడి వెళ్తూనే ఉందట. ఉద్యోగం రోజుల్లో ఆయనకది పట్టనే లేదు. ఇప్పుడు మాత్రం, మండుటెండలో గొడుగు వేసుకుని బస్సు కోసం నడిచే మనిషిని వరండాలోంచి చూడలేక లేచి లోపలికి వెళ్ళిపోయేవాడు.

"ఎడమ చెయ్యి అలా కమిలిపోయిందేం? ఒక్క చెయ్యే!" అన్నాడు ఒకసారి.

"కిటికీ పక్కన కూర్చుంటాను కదండీ."

ఇంకోసారి, ఊడిన గుండీ కుట్టి పెట్టమని చొక్కా ఇచ్చాడు.

"వీధి చివర టైలరుకి ఇవ్వండి," అంది ఆవిడ, సంచి సర్దుకుంటూ.

కుట్టు నేర్పే మనిషి ఇంట్లో గుండీకి గతి లేదు! నా చొక్కా ముట్టుకోవాలన్నా విసుగే పాపం, అనుకుని ఆయన చొక్కా పట్టుకుని వీధి చివరికి నడిచాడు.

పని మధ్యాహ్నాల్లోనే సాగింది. ట్యాంకులోంచి తీసిన పాత పెట్రోలు వార్నిషు కంపు కొట్టింది. కార్బురేటరు విప్పి కడిగితే నల్లటి జిగురు దిగింది. బ్రేకులు బిగుసుకుపోయి చక్రాలు కదలనని మొరాయించాయి. ఆయన లైటు పట్టుకునేవాడు, పానాలు అందించేవాడు.

"అది కాదు బాబాయ్! అదీ కాదు! చిన్నది, చిన్నది! అబ్బా, చూసివ్వండి!"

ఆ అరుపుకి పానా జారి ఆయన కాలి మీద పడింది. పెద్దదేదో చిన్నదేదో కళ్ళకి ఆనలేదు. అరుస్తుంటే మనిషికి ఇలా ఉంటుందన్నమాట. కాలి నొప్పికన్నా ఆ ఆలోచనే ఎక్కువ గుచ్చుకుంది.

ఆఖరికి ఒక మధ్యాహ్నం ఇంజను దగ్గింది, తుమ్మింది, నల్లటి పొగ కక్కి గుర్రుమని అందుకుంది. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

"పొగ," అన్నాడు.

"పొగేలెండి," అంది మెకానిక్.

మర్నాడు ఆవిడ సంచి తీస్తుంటే అడ్డం వెళ్ళాడు. "ఈ పూట మానెయ్."

"కొత్తవాళ్ళు వస్తారండీ. నా కోసం చూస్తుంటారు."

"కాసేపే. రా."

షెడ్డులో కారు నిగనిగలాడుతోంది. ఆవిడ హెడ్‌లైటు మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది.

"ఆ రోజు నడిరోడ్డు మీద నిన్ను దింపేశాను," అన్నాడు ఆయన. "మళ్ళీ నువ్వు స్టీరింగ్ ముట్టుకోలేదు. ఉన్న ఒక్క సరదా నా నోటితో చంపేశాను. నన్ను…"

"అది కాదండీ, నేను…"

"నన్ను చెప్పనీ! తప్పు నాది." తాళం ఆవిడ చేతిలో పెట్టి, డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, తను పక్క సీట్లోకి ఎక్కాడు. "భయపడకు. ఎడమ కాలి కింద ఉన్నది క్లచ్. మెల్లగా వదలాలి. బండి ఆగిపోయినా ఫర్వాలేదు, ఈసారి నోరెత్తను. ఒట్టు."

ఆవిడ పెదవి కొరుక్కుంది. ఏడుపు ఆపుకుంటోందనుకుని ఆయన తల దించుకున్నాడు.

గేటు తీయడానికి వెళ్ళిన మెకానిక్ తిరిగొచ్చి, అద్దంలోంచి లోపలికి చూసి, బడిపిల్లలా నిటారుగా నిలబడిపోయింది.

"అలా అడ్డం నిలబడతావేం అమ్మాయ్? జరుగు," అన్నాడు ఆయన. "అసలే ఆవిడకి కొత్త."

మెకానిక్ ఆయన్నీ ఆవిడనీ మార్చి మార్చి చూసింది.

"నాకు డ్రైవింగ్ నేర్పింది ఈ మేడమే బాబాయ్."