మచ్చలేని కంపెనీ

"మూడో కంపెనీ రికార్డు చూశారా మేడమ్? ఒక్క మచ్చ లేదు," అన్నాడు డిప్యూటీ.

మేడమ్‌కి ఒళ్లు మండింది. ఆ కన్సల్టింగ్ కంపెనీలో ఇతగాడి బామ్మర్ది పనిచేస్తున్నాడని ఆస్పత్రిలో ఎవరికి తెలియదు? ఆస్పత్రి కంప్యూటర్ల పనికి పోటీపడుతున్న మూడు కంపెనీల్లో ఎంపికైనదాని చేతికి రోగుల వివరాలన్నీ వెళ్తాయి. రేపు అవి బజారున పడితే, కంప్యూటర్ విభాగానికి పెద్ద కాబట్టి ఊడేది ఆవిడ ఉద్యోగమే.

అందుకే రేటింగ్ సంస్థ నుంచి మనిషిని పంపమని అడిగింది. ఏ కంపెనీలో ఎన్నిసార్లు సమాచారం దొంగల పాలైందో ఆరా తీయడమే వాళ్ల పని. ఆ మనిషి పొద్దున్నే వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు.

"ఈయన గుర్తింపు కార్డు ఓసారి చూద్దామా మేడమ్?" నసిగాడు డిప్యూటీ.

"ఎందుకూ, బెదరగొట్టి పంపడానికా? ముందు నువ్వు బయటికి నడు!"

తలుపు పడింది. వచ్చినాయన తన పెన్‌డ్రైవ్ ఆవిడ కంప్యూటర్‌కి తగిలించి, రికార్డులు తెరిచాడు.

"మొదటి కంపెనీలో పాస్‌వర్డులు గోడకి అంటించారు. రెండోదాంట్లో సొంత మనుషుల్ని అనుమానిస్తూ కూర్చున్నారు, దొంగేమో బయటినుంచి వచ్చాడు."

"ఏం మనుషులండీ బాబూ!" పకపకా నవ్వింది మేడమ్. "మరి మూడోది?"

"ఇంత శుభ్రంగా ఉందంటే ఏదో తొక్కిపెట్టారనే. మీ డిప్యూటీ రోగుల వివరాలు వాళ్లకి ముందే చేరవేశాడేమో."

ఆవిడ బల్ల మీద ఒక్కటి చరిచింది. "నేను అనుకుంటూనే ఉన్నా! ఎలా పట్టుకోవడం?"

"రోగుల వివరాలు ఉన్నచోటు తెరిస్తే ఆనవాళ్లు దొరుకుతాయి."

మేడమ్ చకచకా పాస్‌వర్డ్ కొట్టి, కుర్చీ ఖాళీ చేసి ఇచ్చింది. ఆయన చాలాసేపు వెతికాడు, సాక్ష్యమంటూ ఏవేవో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాడు.

"దొరికాడు మేడమ్. టీ తాగొచ్చి అంతా వివరంగా చెప్తా," అంటూ పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని లేచాడు.

అమ్మయ్య, ఇన్నాళ్లకి డిప్యూటీ ఆట కట్టింది! అతన్ని ఎలా కడిగిపారేయాలా అని మేడమ్ మాటలు కూర్చుకుంటుంటే ఫోను మోగింది. కింద రిసెప్షన్ అమ్మాయి.

"మేడమ్, రేటింగ్ సంస్థ నుంచి వచ్చారు. పైకి పంపమంటారా?"

"అదేం ప్రశ్న? టీ తాగి వచ్చినట్టున్నారు, పంపించు."

"ఈవిడ రావడమే ఇప్పుడు మేడమ్."